గోడ మీది ఐన్‌స్టీన్

 

మనకు మేలు చేస్తున్న మాట ఒకటి నిజం కాదని తేలితే దాన్ని ఏం చెయ్యాలి? ధమ్మ మిత్రుల ముందు ఈ ప్రశ్న పెట్టడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. నాకు ఈ ప్రశ్న మా గది గోడకు వేలాడుతున్న ఒక క్యాలెండర్ వల్ల వచ్చింది.

మేముండేది కామ్‌రేజ్‌లో. సూరత్‌కు ఈశాన్యంగా, తాపీ నదికి దగ్గరగా, జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. సౌరాష్ట్ర నుంచి వచ్చి వజ్రాలు సానపట్టేవాళ్లు, ఒడిశా నుంచి వచ్చి మరమగ్గాలు నడిపేవాళ్లు, తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన మన నేతకార్మికులు, అందరి బతుకూ సూరత్ చుట్టూనే తిరుగుతుంది. తెలుగువాళ్లు ఎక్కువగా నగరంలో లింబాయత్, ఉధనా వైపు ఉంటారు. ఇటువైపు మేం కొద్దిమందిమే. నేను లా చదివాను గానీ కోర్టులో కన్నా కార్మికుల ఇళ్లల్లోనే ఎక్కువ కాలం గడిపాను. పీఎఫ్ కాగితాలు, ప్రమాద పరిహారం దరఖాస్తులు, కుల ధ్రువపత్రాలు, దీక్ష తీసుకోదలచిన వాళ్లు 2003 నాటి గుజరాత్ మత స్వేచ్ఛ చట్టం కింద పెట్టుకోవాల్సిన దరఖాస్తులు, ఇదీ నా పని. ఆ పనికి తీసుకున్న అద్దె గదిలోనే మూడేళ్లుగా నెలకు రెండు ఆదివారాలు స్టడీ సర్కిల్ నడుపుతున్నాం.

మొదట బాబాసాహెబ్ రచనలు చదివాం. తర్వాత కాలేజీ పిల్లలు విజ్ఞాన తత్వశాస్త్రం చదువుదామన్నారు. దేన్ని సైన్సు అనాలి? ఒక సిద్ధాంతం నిజమని ఎట్లా తెలుస్తుంది? సాక్ష్యం అంటే ఏమిటి? విశ్వవిద్యాలయాల్లో ఆచార్యులు, పరిశోధక విద్యార్థులు కలిసి కూర్చుని చదివే పుస్తకాలను మగ్గం షిఫ్టు దిగి వచ్చిన మనిషి చదవగలడా అని నాకే సందేహం కలిగింది. ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఒకరు ఇంగ్లీషులోనో హిందీలోనో ఒక పేరా చదవాలి. ఇంకొకరు దాన్ని తెలుగులో చెప్పాలి. మా పిల్లల్లో కొందరు గుజరాతీ మాధ్యమంలో చదివినవాళ్లు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. కాబట్టి అంతా నోటితోనే నడవాలి. అందరికీ అర్థమయ్యేదాకా రెండో పేరాకు పోకూడదు.

ఒక ఆదివారం ఐన్‌స్టీన్ నడిపిన స్టడీ సర్కిల్ గురించి చదివాం. 1902లో ఐన్‌స్టీన్‌కు స్థిరమైన ఉద్యోగం లేదు. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో గణితం, భౌతికశాస్త్రం ప్రైవేటుగా చెబుతానని పత్రికలో ప్రకటన ఇచ్చాడు. అది చూసి మారిస్ సోలోవిన్ అనే రుమేనియా విద్యార్థి వచ్చాడు. పాఠాలు పక్కకు పోయి, ఇద్దరూ కలిసి పుస్తకాలు చదవడం మొదలైంది. తర్వాత కాన్రాడ్ హాబిక్ట్ చేరాడు. ముగ్గురూ తమ కూటానికి హాస్యంగా 'ఒలింపియా అకాడమీ' అని పేరు పెట్టుకున్నారు. పియర్సన్, మాక్, హ్యూమ్, మిల్, పొయాంకరే, స్పినోజా, అన్నీ చదివారు. ఒక్కోసారి అరపేజీ మీదే వాదన సాగేది. ఐన్‌స్టీన్ భార్య మిలేవా ఆ చర్చలను శ్రద్ధగా వినేదట గానీ కల్పించుకునేది కాదట. 1905లో ఐన్‌స్టీన్ రాసిన వ్యాసాలు భౌతికశాస్త్రాన్నే మార్చేశాయి. అప్పటికి ఆయన పేటెంట్ ఆఫీసు ఉద్యోగి. హ్యూమ్‌నూ మాక్‌నూ చదవడం తన ఆలోచనకు తోడ్పడిందని తర్వాత ఆయనే చెప్పాడు.

మిలేవా సంగతి దగ్గర మేం కాసేపు ఆగాం. మా గదిలో ఎవరు వింటున్నారు, ఎవరు మాట్లాడుతున్నారు అని అడిగాను. అంతవరకు ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయి ఒకరు ఉన్నారు. బీఎస్సీ మూడో సంవత్సరం. ఆమె నా వెనక గోడ మీది క్యాలెండర్ వైపు చెయ్యి చూపించింది.

"సార్, ఐన్‌స్టీన్ ఈ మాట ఏ పుస్తకంల రాసిండు?"

ఆ మాట మీ అందరికీ తెలిసిందే. భవిష్యత్తులో నిలిచేది విశ్వమతమని, ఆధునిక విజ్ఞానంతో పొసగగల మతం ఉందంటే అది బౌద్ధమేనని ఐన్‌స్టీన్ అన్నట్టు మన కరపత్రాల మీద, బ్యానర్ల మీద వేస్తుంటాం. ఆ క్యాలెండర్ అచ్చు వేయించింది నేనే. అంతకుముందు దాదాపు పదేళ్లు ప్రతి బుద్ధ పూర్ణిమ కరపత్రం మీదా ఆ మాట వేయించాను.

"ఎక్కడో రాసే ఉంటాడమ్మా" అన్నాను.

"ఎక్కడో అంటే?"

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఎవరో చెబితే విన్నాను అనే సాక్ష్యాన్ని కోర్టు తీసుకోదని నా జీవితంలో వందలమందికి చెప్పాను. 1872 నాటి సాక్ష్య చట్టం 60వ సెక్షన్ ప్రకారం నోటి సాక్ష్యం ప్రత్యక్షమైనదై ఉండాలి. చూసిన సంగతైతే చూసినవాడే వచ్చి చెప్పాలి, విన్న సంగతైతే విన్నవాడే చెప్పాలి. 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చినా ఆ సూత్రం అదే. పరిహారం కేసులో ఒక పేద కార్మికుణ్ణి ఇంత కచ్చితంగా అడిగే నేను, నా గోడ మీద ఉన్న సాక్షిని ఒక్కసారీ అడగలేదు.

వెతికాను. ఐన్‌స్టీన్ సూక్తులను మూలాలతో సహా సేకరించినవాళ్లు ఆ మాటను ఆయన అన్నవాటిలో చేర్చలేదు, ఆయన పేరు మీద చెలామణి అవుతున్న వాటిలో పెట్టారు. అయితే 1930 నవంబరు 9న న్యూయార్క్ టైమ్స్‌లో మతం, విజ్ఞానం గురించి ఆయన రాసిన వ్యాసం ఒకటి ఉంది. విశ్వం పట్ల కలిగే ఒక రకమైన మతానుభూతి గురించి చెబుతూ, అది బౌద్ధంలో మరింత బలంగా ఉందని, తనకు ఆ సంగతి షోపెన్‌హావర్ రచనల వల్ల తెలిసిందని రాశాడు. అంతవరకే నిజం. మనం గోడకు కట్టింది దానికి ఎన్నో రెట్లు పెద్దది.

తర్వాతి ఆదివారం ఇదే చెప్పాను. క్యాలెండర్ తీసేస్తానన్నాను. మా సర్కిల్‌లోని రిటైర్డు మాస్టారు ఒప్పుకోలేదు. "పురాణాల్లో విమానాలున్నాయని పెద్ద పెద్ద వేదికల మీద చెప్పేవాళ్లను ఎవరూ ఆధారం అడగరు. మనం ఒక్క క్యాలెండర్ పెట్టుకుంటే ఇంత విచారణా?" అన్నారు. ఒక మగ్గం కార్మికుడు ఇంకోరకంగా అన్నాడు. "అన్నా, ఆ మాట చదివినంక మా పిల్లలు తలెత్తుకొని తిరిగిండ్రు. తప్పైతే తప్పే గాని, దాంతోని ఎవరికి నష్టమైంది?"

మాస్టారి మాటకు జవాబు చెప్పడం సులువు. ఎదుటివాణ్ణి కొలిచే కొలబద్దతో మనల్ని కొలుచుకోకపోతే మన చేతిలో ఉన్నది కొలబద్దే కాదు. కానీ రెండో మాట అంత తేలిగ్గా కొట్టేయలేం. నిజం కాకపోయినా మేలు చేసే మాట ఉంటే? తరతరాలుగా తల దించుకున్నవాళ్లు దానివల్ల తలెత్తితే?

మజ్ఝిమ నికాయంలో అభయ రాజకుమారుడి సుత్తం ఉంది. తథాగతుడు ఇతరులకు నచ్చని మాట మాట్లాడతాడా అని రాజకుమారుడు అడుగుతాడు. అప్పుడు ఆయన ఒళ్లో పసిబిడ్డ ఉన్నాడు. ఈ బిడ్డ రాయి ముక్కో కట్టె ముక్కో నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు ఎదురు అడుగుతాడు. తీసేస్తాను, రక్తం వచ్చినా సరే, ఎందుకంటే బిడ్డ మీద నాకు కరుణ ఉంది అంటాడు రాజకుమారుడు. ఆ తర్వాత బుద్ధుడు మాటలను వర్గాలుగా విడదీసి చెబుతాడు. నిజమా కాదా, మేలా కాదా, వినేవాడికి ఇష్టమా కాదా. నిజం కానిది, మేలు చెయ్యనిది ఇష్టమైనా పలకడు. నిజమైనా మేలు లేనిది పలకడు. నిజమై మేలు చేసేది నచ్చినా నచ్చకపోయినా తగిన సమయం చూసి పలుకుతాడు.

ఈ సుత్తాన్ని మా సర్కిల్‌లో చదివినప్పుడు అందరం వేళ్లు మడిచి లెక్కపెట్టాం. మొత్తం ఆరు వర్గాలు. 'నిజం కానిది, కానీ మేలు చేసేది' అనే గడి అందులో లేదు. దాన్ని బుద్ధుడు నిషేధించను కూడా లేదు, అట్లాంటిది ఒకటి ఉంటుందని లెక్కలోకే తీసుకోలేదు. దీనికి నాకు తోచిన అర్థం ఇది. మేలు ఎంతో తెలియాలంటే పూర్తి కాలం గడవాలి. ఈ రోజు తలెత్తుకున్న పిల్లవాడు రేపు కాలేజీలో ఆ మాట చెప్పి, ఆధారం అడిగితే నలుగురిలో నీళ్లు నమలాలి. అప్పుడు దిగే తల ముందటికన్నా కిందికి దిగుతుంది. మనం మేలు అని లెక్క కట్టినప్పుడు ఆ రోజును లెక్కలో వేయలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. మనకు ఐన్‌స్టీన్ సాక్ష్యం ఎందుకు కావాల్సి వచ్చింది? కులం మనకు నేర్పిన చెడ్డ అలవాటు ఒకటుంది. ఏం చెప్పారని కాక ఎవరు చెప్పారని చూడటం. ఆ వ్యవస్థను వదిలి వచ్చామనుకున్నాం. కానీ బుద్ధుడికి పైనుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చి గోడకు కట్టేదాకా మనకు ధైర్యం చాలలేదు. కాలామ సుత్తాన్ని మనం తరచుగా చెప్పుకుంటాం. పరంపరగా వచ్చిందనీ, గ్రంథంలో ఉందనీ నమ్మవద్దు అన్నంతవరకే చెప్పి ఆపేస్తాం. ఆ జాబితాలో పది ఉన్నాయి. చెప్పేవాడు అర్హుడిలా కనిపిస్తున్నాడని నమ్మవద్దు అనేది వాటిలో ఒకటి. ఈయన మన గురువు అని నమ్మవద్దు అనేది ఆఖరిది. ఉత్త తర్కాన్ని బట్టి నమ్మవద్దని కూడా ఉంది. అంటే బుద్ధుడు కేసపుత్త ప్రజలకు ఇష్టమొచ్చింది నమ్ముకోమని చెప్పలేదు. లోభం మనిషికి మేలు చేస్తుందా కీడు చేస్తుందా, ద్వేషం సంగతేమిటి అని ఒక్కొక్కటీ అడిగి వాళ్ల నోటితోనే జవాబు చెప్పించాడు. అది ఊరి జనమంతా కలిసి కూర్చున్న సభ. ఒక్కడే మూల కూర్చుని సందేహించడం గురించి కాదు అక్కడ చెప్పింది.

మా తర్వాతి చదువు వియన్నా బృందం. 1924 నుంచి మోరిట్జ్ ష్లిక్ అనే ఆచార్యుడి చుట్టూ గురువారం సాయంత్రాలు చేరిన తత్వవేత్తలు, గణితజ్ఞులు, శాస్త్రజ్ఞులు. విట్‌గెన్‌స్టీన్ రాసిన చిన్న పుస్తకాన్ని వాక్యం వాక్యంగా కలిసి చదివారు. ఆ బృందంలో ఓల్గా హాన్ అనే గణితజ్ఞురాలు ఉంది. ఇరవైరెండేళ్ల వయసులో చూపు పోయింది. ఓటో నాయ్‌రాట్ తోటి విద్యార్థులను కూడగట్టి ఆమెకు పుస్తకాలు చదివి వినిపించే ఏర్పాటు చేశాడు. అట్లా ఆమె చదువు పూర్తి చేసింది. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఈ నాయ్‌రాటే 1925లో వియన్నాలో ఒక ప్రదర్శనశాల పెట్టి, సమాజం లెక్కలు కార్మికులకు బొమ్మల్లో అర్థమయ్యేలా చూపించాడు. చదివి వినిపించడం, బొమ్మ గీసి చూపించడం తత్వశాస్త్రానికి తక్కువ పనులని వాళ్లు అనుకోలేదు. ఇది విన్నాక మా గదిలో అక్షరాలు రానివాళ్ల మొహాలు నేను చూశాను.

ప్రశ్న అడిగే చోటు ఎప్పుడూ క్షేమంగా ఉండదని కూడా అక్కడే చదివాం. 1936 జూన్ 22న ష్లిక్‌ను ఒక పాత విద్యార్థి విశ్వవిద్యాలయం మెట్ల మీద కాల్చి చంపాడు. హంతకుణ్ణి సమర్థించిన పత్రికలు కూడా ఉన్నాయి. మూఢనమ్మకాలను ప్రశ్నించిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో చంపారు. అంత వెల పెట్టి కొన్నదాన్ని మనం ఒక అబద్ధపు క్యాలెండర్‌కు అమ్ముకోకూడదు.

ఆ బృందానికి బయట, అదే నగరంలో ఉన్న కార్ల్ పాపర్ 1934లో అచ్చయిన తన పుస్తకంలో ఒక పరీక్ష పెట్టాడు. ఒక సిద్ధాంతం శాస్త్రీయం కావాలంటే, ఏం జరిగితే అది తప్పని ఒప్పుకుంటామో ముందే చెప్పగలగాలి. ఏం జరిగినా నిజమే అనిపించుకునేది విజ్ఞానం కాదు. దీన్ని తెలుగులో చెప్పమంటే ఆ బీఎస్సీ అమ్మాయి ఇట్లా చెప్పింది: "నన్ను ఎట్లా పట్టుకోవాల్నో నేనే చెప్పాలె." నాకు వెంటనే పవారణ గుర్తొచ్చింది. వర్షావాసం మూడు నెలలు ముగిశాక భిక్షువులు ఒకచోట చేరతారు. నాలో దోషం చూసినా, విన్నా, అనుమానించినా కరుణతో చెప్పండి, దిద్దుకుంటాను అని ఒక్కొక్కరూ సంఘాన్ని అడుగుతారు. ముందుగా అడిగేది అందరికన్నా పెద్ద భిక్షువు. పాపర్ సిద్ధాంతాలను అడగమన్నది వినయం మనుషులను అడగమంది. రెండూ ఒకటే అని నేననను. సిద్ధాంతానికి సిగ్గుండదు, మనిషికి ఉంటుంది. అందుకే పవారణ కష్టం. అందుకే అది పెద్దవాడితో మొదలు కావాలి.

ఈ పద్ధతి మనకు పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త సరుకు కాదు. ఆచార్య నాగార్జునుడి విగ్రహవ్యావర్తని మొదటి ఇరవై శ్లోకాల్లో ప్రత్యర్థి అభ్యంతరాలే ఉన్నాయి. అన్నీ శూన్యమైతే నీ మాట కూడా శూన్యమే కదా అని మొదలవుతాయవి. తన జవాబు ఆ తర్వాతే. ఇక్కడ సూరత్‌లో వజ్రాలు సానపట్టేవాళ్లలో చాలామంది వచ్చిన భావనగర్ జిల్లాలోనే వలభి ఉంది. గుణమతి, స్థిరమతి అక్కడి విహారంలో ఉండి గ్రంథాలు రాశారని హుయాన్‌త్సాంగ్ నమోదు చేశాడు. ఇక బాబాసాహెబ్. ఆయన మరణానంతరం 1957లో వచ్చిన 'బుద్ధుడు - ఆయన ధమ్మం' మొదలవడమే ప్రశ్నలతో మొదలవుతుంది. వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడనే కథనే ఆయన ప్రశ్నించాడు. బుద్ధుడి కథనే అడిగిన మనిషి అనుచరులం, ఒక క్యాలెండర్‌ను అడగలేమా?

ఆ ఏడాది అశోక విజయదశమి సభలో లేచి నిలబడి చెప్పాను. పదేళ్లుగా నేను అచ్చు వేయించిన మాటకు ఆధారం లేదు, తప్పు నాది అన్నాను. కొందరు విసుక్కున్నారు. ఒక దాత వచ్చే ఏడాది కరపత్రాలకు తన దగ్గరకు రావద్దని చెప్పారు. అవి పెద్ద నష్టాలు కావు. సభ అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక యువకుడు వచ్చాడు. మరమగ్గం కార్మికుడు, మా జిల్లా వాడే. ఇంట్లో తల్లితో గొడవపడి నాలుగేళ్ల కింద దీక్ష తీసుకున్నాడు. అతని దరఖాస్తు నింపింది నేనే.

"సార్, నేను ఆ కాగితం చూసే వచ్చిన. సైన్సు ఒప్పుకున్న ధర్మం అని మా అమ్మతోని కొట్లాడిన. ఇప్పుడు నేనేం జెయ్యాలె?"

ఎవరికి నష్టమైంది అన్న ప్రశ్నకు జవాబు నా ఎదురుగా నిలబడి ఉంది. కాంట్రాక్టు చట్టం 18వ సెక్షన్‌లో ఒక సంగతి ఉంది. మోసం చేయాలనే ఉద్దేశం లేకుండా, నిజమని నమ్మి చెప్పినా, ఆధారం లేని మాట తప్పుడు వివరణే అవుతుంది. దాన్ని నమ్మి ఒప్పుకున్నవాడు కావాలనుకుంటే ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చని 19వ సెక్షన్. దీక్ష కాంట్రాక్టు కాదు. అయినా నాకు తోచిన న్యాయం అదే. "నిన్ను తప్పుడు మాటతో పిలిచాను. ఉండాలా వద్దా అనేది ఇప్పుడు మళ్లీ నీ ఇష్టం. వెళ్లినా నిన్ను ఎవరూ ఏమీ అనకుండా చూసే బాధ్యత నాది. మీ అమ్మ దగ్గరకు వచ్చి తప్పు నాదని నేనే చెబుతాను" అన్నాను.

ధమ్మం అబద్ధం కాలేదు కదా అని నేను అతనితో వాదించి ఉండొచ్చు. ఆ వాదనా సరైనదే. నాయ్‌రాట్ విజ్ఞానాన్ని నడిసముద్రంలో ఉన్న ఓడతో పోల్చాడు. ఒడ్డుకు లాగి కొత్తగా కట్టే వీలు లేదు, ప్రయాణిస్తూనే ఒక్కొక్క పలకా మార్చుకోవాలి. బుద్ధుడు తన ధమ్మాన్ని తెప్పతో పోల్చాడు. దాటడానికే గానీ నెత్తిన మోయడానికి కాదన్నాడు. ఐన్‌స్టీన్ మాట మన తెప్పలో బరువు మోసే దుంగ కాదు. అది ఊడితే తెప్ప మునగదు. కానీ ఆ కుర్రవాడు నిలబడింది సరిగ్గా ఆ పలక మీదే. అతను ఎక్కడ కాలు పెట్టాడో చూడకుండా తెప్ప గట్టిదని ఉపన్యాసం ఇస్తే, నేను ధమ్మాన్ని కాపాడినట్టు కాదు, నన్ను నేను కాపాడుకున్నట్టు.

మరుసటి వారం వాళ్ల ఇంటికి వెళ్లాను. ఆ తల్లి అంతా విని, "తప్పు ఒప్పుకోనికి ఇంత దూరం వచ్చినవా కొడకా" అని టీ పెట్టింది. కుర్రవాడు దీక్షలో ఉంటాడో లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు. స్టడీ సర్కిల్‌కు మాత్రం ప్రతిసారీ వస్తున్నాడు. ముందుకన్నా ఎక్కువ ప్రశ్నలు అడుగుతున్నాడు. పునర్జన్మ గురించి బాబాసాహెబ్ ఏం రాశాడో, ఏం రాయలేదో పోయిన నెలంతా మమ్మల్ని ఆ పేజీల దగ్గరే ఆపేశాడు.

ధమ్మ మిత్రులకు ఒక మనవి. మీ ఊళ్లో మీరు అచ్చు వేయించే కరపత్రం, బ్యానరు, క్యాలెండరు ఒక్కసారి తీసి చూడండి. ప్రతి మాటకూ ఎవరన్నారు, ఎక్కడన్నారు అని అడగండి. దొరకకపోతే తీసేయండి. అడిగే పని పిల్లలకు ఇవ్వండి, జవాబు చెప్పే పని పెద్దలు తీసుకోండి. ఈ ఏడు వర్షావాసం ముగిసే పూర్ణిమ నాడు మా కామ్‌రేజ్ సర్కిల్‌లో కూడా పవారణ పెట్టుకుంటున్నాం. వయసులో అందరికన్నా పెద్ద మాస్టారు, తర్వాత నేను. ఆ బీఎస్సీ అమ్మాయి ఇప్పటికే ఒక కాగితం మీద ఏదో రాసుకుంటోంది.